గాలి గట్టిగా ఉన్నప్పుడు డ్రోన్‌ను దించడం: తప్పు ఎక్కడ మొదలవుతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. చీరాల దగ్గర వాడరేవు బీచ్‌లో ప్రీవెడ్డింగ్ షూట్, సాయంత్రం 4 గంటలు, చేతిలో డీజేఐ మినీ 2 డ్రోన్. బీచ్ నుంచి ఊరి వైపు, సరుగుడు తోటల మీదుగా 600 మీటర్లు పంపారు. ఎత్తు 90 మీటర్లు. వెళ్లేటప్పుడు రివ్వున వెళ్లింది. వెనక్కి రమ్మని ఆర్‌టీహెచ్ (రిటర్న్ టు హోమ్) బటన్ నొక్కితే మాత్రం గాలి ఎక్కువగా ఉందని హెచ్చరిక, స్క్రీన్ మీద వేగం సెకనుకు 2 మీటర్ల దగ్గరే కొట్టుకుంది. 52 శాతం ఉన్న బ్యాటరీ మీ తల మీదికి వచ్చేసరికి 24 అయింది. ఆ టెన్షన్‌లో ఇసుక మీద దించబోతే ఒక పక్కకు ఒరిగి బోల్తా కొట్టింది. ఒక రెక్క విరిగింది, కెమెరాను కుదురుగా పట్టి ఉంచే గింబల్‌లో ఇసుక పడింది. ల్యాండింగ్‌లో నేను చేసిన తప్పేంటి, ఒక్క రెక్క మారిస్తే సరిపోతుందా అని అడిగారు.

నాది అనంతపురం వైపు. తొమ్మిదేళ్లుగా పెళ్లిళ్లకు, పొలాల వీడియోలకు, అప్పుడప్పుడు సోలార్ ప్లాంట్ల పనికి డ్రోన్ ఎగరేస్తున్నాను. ఈ తొమ్మిదేళ్లలో నాలుగుసార్లు దెబ్బ తిన్నాను. మూడుసార్లు నేలకు రెండు మీటర్ల లోపే. నాలుగోసారి అసలు డ్రోన్ ఎగురుతూ వెనక్కే రాలేదు. ఆ నాలుగింట్లో ఏ ఒక్కటీ మెషీన్ తప్పు కాదు, అన్నీ నా పొరపాట్లే. కాబట్టి మీకు చెప్పేది పుస్తకం చదివి కాదు, డబ్బు కట్టి నేర్చుకున్నది.

ముందు ఒక మాట. మీరు ల్యాండింగ్‌లో చేసిన తప్పు చిన్నది, దాన్ని ఐదు నిమిషాల్లో దిద్దుకోవచ్చు. అసలు తప్పు డ్రోన్‌ను ఊరి వైపు పంపినప్పుడే జరిగింది. సాయంత్రం 4 గంటలకు సముద్రం ఒడ్డున గాలి ఎటు నుంచి వీస్తుంది? నీళ్ల మీద నుంచి నేల మీదికి. ఎండకు నేల వేడెక్కి, అక్కడి గాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రపు గాలి తోసుకొస్తుంది. మధ్యాహ్నం దాటాక అది బలంగా ఉంటుంది. మీరు డ్రోన్‌ను వాలుగాలికి పంపి, ఎదురుగాలికి తిరిగి రమ్మన్నారు. నిండు బ్యాటరీతో చేయాల్సిన కష్టమైన పనిని సగం బ్యాటరీకి అప్పగించారు.

లెక్క చూడండి. మినీ 2 గరిష్ఠ వేగం నార్మల్ మోడ్‌లో సెకనుకు 10 మీటర్లు, స్పోర్ట్ మోడ్‌లో 16 మీటర్లు. ఇది గాలి లేనప్పటి మాట. పైన ఎదురుగాలి సెకనుకు 8 మీటర్లు ఉందనుకుందాం. 10లోంచి 8 తీసేస్తే మిగిలేది 2. మీ స్క్రీన్ మీద కనిపించింది సరిగ్గా అదే. 600 మీటర్లు రావడానికి 300 సెకన్లు, అంటే 5 నిమిషాలు. అదే స్పోర్ట్ మోడ్‌లో 16లోంచి 8 పోతే 8, అంటే 75 సెకన్లలో మీ ముందు ఉండేది. స్పోర్ట్ మోడ్ బ్యాటరీ తాగేస్తుందని చాలామంది భయపడతారు. నిజమే, నిమిషానికి ఎక్కువ తాగుతుంది. కానీ ఎదురుగాలిలో ఐదు నిమిషాలు అక్కడక్కడే ఈదడం కంటే నిమిషంన్నర లోపే వచ్చేయడమే చవక.

ఇక ఆర్‌టీహెచ్. అది మంచిదే, సిగ్నల్ పోయినప్పుడు మనల్ని కాపాడేది అదే. కానీ గాలిలో దానికి రెండు దురలవాట్లు. మీరు సెట్ చేసిన ఎత్తుకంటే కింద ఉంటే ముందు పైకి ఎక్కుతుంది. పైన గాలి ఇంకా ఎక్కువ. తర్వాత దాని మామూలు వేగంతోనే వస్తుంది, స్పోర్ట్ మోడ్ దూకుడు చూపించదు. అందుకే వేగం 3 కంటే తక్కువ చూపిస్తుంటే నేను ఆర్‌టీహెచ్ క్యాన్సిల్ చేసి, డ్రోన్‌ను కిందికి దింపి, స్పోర్ట్ మోడ్‌లో నేనే తెచ్చుకుంటాను. కిందికి అంటే చెట్లు, స్తంభాలు, వైర్లు దాటేంత ఎత్తు చూసుకునే. కొబ్బరిచెట్టు 25 మీటర్లు కూడా ఉంటుంది. మీ బీచ్‌లో సరుగుడు తోటలు కూడా తక్కువేమీ కాదు. ముందే ఆ చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తైనదేదో చూసి పెట్టుకుంటే ఈ గాభరాలో ఆలోచించే పని ఉండదు.

కింద గాలి తక్కువ, పైన ఎక్కువ అన్నది అందరికీ తెలుసు. ఎంత ఎక్కువ అన్నదే చాలామంది లెక్కేసుకోరు. చదును నేల మీద వాడే స్థూల లెక్క ప్రకారం 10 మీటర్ల ఎత్తులో ఉన్న గాలికి 90 మీటర్ల దగ్గర ఇంకో మూడో వంతు కలుస్తుంది. మీ ఛాతీ ఎత్తులో ఇంకా తక్కువ ఉంటుంది. మీ మొహానికి సెకనుకు 5 మీటర్ల గాలి హాయిగా తగులుతుంటే, పైన డ్రోన్‌కు 8 తగులుతోందన్నమాట. మా రామగిరి కొండల మీద గాలిమరలను అంతంత ఎత్తు స్తంభాల మీద నిలబెట్టింది దీనికే. పైగా గాలి తోసే బలం వేగంతో పాటు సమంగా పెరగదు, వర్గంగా పెరుగుతుంది. 8 నుంచి 12కి వెళ్తే బలం ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు.

మినీ 2 తట్టుకోగల గాలికి కంపెనీ చెప్పిన హద్దు సెకనుకు 8.5 నుంచి 10.5 మీటర్లు. మినీ 3, మినీ 4 ప్రోలకు 10.7. ఎయిర్ 3, మావిక్ 3లకు 12. గంటకు కిలోమీటర్లు కావాలంటే 3.6తో గుణించండి, 10.7 అంటే గంటకు 38 చిల్లర. ఈ అంకె చూసి గంటకు 35 గాలిలో ఎగరేయొచ్చు అనుకోకండి. వాతావరణం యాప్‌లో పెద్దగా కనిపించేది సగటు గాలి. డ్రోన్‌ను పడగొట్టేది సగటు కాదు, మధ్యలో వచ్చే విసురు. ఆ విసురు అంకె విడిగా ఇస్తారు, అది చూడండి. విండీ లాంటి యాప్‌లో 100 మీటర్ల ఎత్తులో గాలి ఎంతో కూడా చూడొచ్చు. నేను విసురు అంకె హద్దులో మూడింట రెండు వంతులు దాటితే క్లయింట్‌కు ముందే చెప్పేస్తాను, డ్రోన్ షాట్ పొద్దున్నే ఆరింటికి పెట్టుకుందామని. కొందరు మొహం చిట్లిస్తారు. చిట్లించనీయండి.

యాప్ లేకపోయినా కళ్లున్నాయి. నేల మీద దుమ్ము, కాగితాలు లేస్తూ చిన్న కొమ్మలు కదులుతుంటే సెకనుకు సుమారు 6, 7 మీటర్లు. చిన్న చెట్లు మొత్తంగా ఊగడం మొదలైతే 8 నుంచి 10. పెద్ద కొమ్మలు ఊగుతూ, కరెంటు తీగలు ఈల వేస్తుంటే 11 దాటినట్టే, ఆ రోజు బ్యాగ్ జిప్ తియ్యకండి. పెళ్లిళ్లలో నాకు షామియానా అంచే మీటర్. అది మెల్లగా ఎగురుతుంటే పని జరుగుతుంది, టపటపా కొట్టుకుంటుంటే ఆలోచిస్తాను. ఇక వేసవి సాయంత్రం దూరంగా నల్లటి మబ్బు కనిపించి, ఉక్కపోతగా ఉన్న చోట ఉన్నట్టుండి చల్లగాలి తగిలిందా, అది వాన కంటే ముందొచ్చే ఈదురుగాలి. రెండు మూడు నిమిషాల్లో ఏమవుతుందో చెప్పలేం. షాట్ మధ్యలో ఉన్నా దించేయాలి.

(మా రాయలసీమలో గాలికి పేరుపొందిన నెల ఆషాఢం. ఆ నెలలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి ఫొటోగ్రాఫర్లను దేవుడు కాస్త కాపాడాడు. కానీ శ్రావణంలో పెళ్లి పెట్టుకున్నవాళ్లందరూ ప్రీవెడ్డింగ్ షూట్‌ను తెచ్చి ఆషాఢంలోనే పెడుతున్నారు. దేవుడు మాత్రం ఏం చేస్తాడు.)

గాలి ఉన్న రోజు నేను చేసేది ఇది. ఎగరగానే 10 మీటర్ల దగ్గర ఆపి, రిమోట్ స్టిక్‌లు వదిలేసి, అర నిమిషం డ్రోన్ ఎటు వాలుతోందో చూస్తాను. గాలి ఎటు నుంచి వస్తే అటు తల వంచుతుంది. తర్వాత 30 మీటర్ల దగ్గర మళ్లీ ఆపుతాను. అక్కడ ఉన్న చోట నిలబడలేక కొట్టుకుపోతూ, సర్దుకుంటూ ఉంటే ఇక పైకి పోను. మొదటి షాట్ ఎప్పుడూ ఎదురుగాలి వైపే. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు గాలితో పోరాడి వెళ్లాలి, అలిసిపోయాక గాలే ఇంటికి తోసుకొచ్చేలా ఉండాలి. ఊరి వైపు షాటే కావాలంటే మీరే ఊరి వైపుకు వెళ్లి నిలబడి, సముద్రం వైపు ఎగరేసి ఉండాల్సింది. నడిచేది మనం, ఖర్చు లేదు.

సరే, డ్రోన్ తల మీదికి వచ్చింది. ఇప్పుడు దించడం.

పై నుంచి నిటారుగా కిందికి లాగేయకండి. రెక్కలు కిందికి తోసిన గాలిలోకే డ్రోన్ దిగితే పట్టు తప్పి గడగడా వణుకుతుంది. గాలి లేని రోజుల్లో ఇది మరీ ఎక్కువ. గాలి ఉన్న రోజు పక్కకు కొంచెం కొట్టుకుపోతుంది కాబట్టి అంత ఉండదు గానీ, వణుకు కనిపిస్తే వెంటనే ఒక పక్కకు జరపండి, ఆగిపోతుంది. నేను ఎదురుగాలి వైపుకు మెల్లగా జరుపుతూ, మెట్లు దిగినట్టు దించుతాను. 15 మీటర్ల దగ్గరికి రాగానే స్పోర్ట్ మోడ్ తీసేసి నార్మల్‌లో పెడతాను. స్పోర్ట్‌లో స్టిక్ వదిలాక ఆగడానికి చాలా దూరం తీసుకుంటుంది. అడ్డంకులను చూసే సెన్సర్లు ఉన్న పెద్ద డ్రోన్‌లలో కూడా స్పోర్ట్‌లో అవి పనిచేయవు. నేల దగ్గర ఈ రెండూ ప్రాణం మీదికి తెస్తాయి.

ఇక్కడ నా పిట్టగోడ కథ చెప్పాలి. ఒక పల్లెటూరి పెళ్లి, మేడ మీద నుంచి ఊరేగింపు తీస్తున్నాను. గాలి బాగానే ఉంది. మేడకు చుట్టూ నడుమెత్తు పిట్టగోడ. గోడ చాటున గాలి ఉండదు, అక్కడ దించితే హాయి అనుకున్నాను. చూడ్డానికి ఎంత తెలివైన ఆలోచనో. డ్రోన్ గోడ పైభాగం దాటి లోపలికి దిగిన మరుక్షణం, ఎవరో తాడు కోసేసినట్టు ముందుకు దూకి గోడకు కొట్టుకుంది.

ఎందుకలా అయింది? గాలిలో నిలబడాలంటే డ్రోన్ గాలి వైపు ఒరిగి, నిరంతరం దాన్ని తోస్తూ ఉండాలి. మినీ 2 గట్టి గాలిలో 40 డిగ్రీల దాకా ఒరుగుతుంది. ఇద్దరు ఎదురెదురుగా భుజం ఆనించి తోసుకుంటున్నప్పుడు ఒకడు చటుక్కున తప్పుకుంటే రెండోవాడు ఏమవుతాడు? అదే జరిగింది. గోడ చాటుకు వచ్చేసరికి గాలి మాయమైంది, డ్రోన్ మాత్రం ఇంకా తోస్తూనే ఉంది. అది తేరుకునేలోపు గోడ వచ్చేసింది. పైగా గోడను కొట్టిన గాలి పైకి లేచి, ఆవలి పక్క సుడులు తిరుగుతూ పడుతుంది. గోడ చాటు ప్రశాంతంగా ఉన్నట్టు అనిపించడమే కానీ అక్కడ గాలి ఎటు నుంచి వస్తుందో దానికే తెలియదు.

అందుకే గాలి రోజున నేను ఇంటి చాటు, గోడ చాటు, బస్సు చాటు వెతకను. బయలులో, ఒకే దిక్కు నుంచి ఒకే తీరుగా వచ్చే గట్టి గాలి, చాటున తిరిగే బలహీనమైన గాలి కంటే నమ్మకమైనది. ఖాళీ పొలం, కోత అయిపోయిన మడి, స్కూల్ గ్రౌండ్ మధ్య. మేడ తప్పదంటే పిట్టగోడకు వీలైనంత దూరంగా, మేడ మధ్యలో. మేడ మీద ఇంకో తలనొప్పి కూడా ఉంది. స్లాబులో ఇనుప చువ్వలు ఉంటాయి, దాని మీదే పెట్టి ఎగరేస్తే కంపాస్ తికమకపడుతుంది. ఒక ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టి ఎగరేసుకోండి.

ఇప్పుడు మీ బోల్తా సంగతి. మీరు రాసిన ఒక వాక్యం నాకు మొత్తం చెప్పేసింది: "మెల్లగా, జాగ్రత్తగా దించాను, అయినా పడిపోయింది". ఆ మెల్లగానే పడగొట్టింది.

చివరి అర మీటర్‌ను దగ్గరి నుంచి చూడండి. డ్రోన్ గాలి వైపు ఒరిగి నిలబడి ఉంది. కాబట్టి నేలకు ముందుగా తగిలేది నాలుగు మూలలూ కాదు, గాలి వైపు ఉన్న ఒక పక్క. ఆ పక్క నేలకు ఆనింది. కానీ మోటార్లు ఇంకా తిరుగుతున్నాయి, డ్రోన్ దృష్టిలో అది ఇంకా గాల్లోనే ఉంది. గాలి పక్కకు తోస్తోంది, నేను ఉన్న చోటే ఉండాలి అని అది ఇంకా గట్టిగా ఒరగబోతుంది. ఒరగడానికి ఆ పక్క కింద చోటు లేదు, నేల ఉంది. అప్పుడు రెండో పక్క పైకి లేస్తుంది. లేచిన ఆ పొట్ట కిందికి గాలి దూరుతుంది. మొత్తం అర సెకనులో అయిపోతుంది. మీరు థ్రాటిల్ (ఎత్తు మార్చే ఎడమ స్టిక్) కొంచెం కిందికి, మళ్లీ కొంచెం వదిలి, మళ్లీ కొంచెం కిందికి అంటూ ఆ అర సెకనును మూడు నాలుగు సెకన్లు సాగదీశారు.

దీనికి మందు ఒక్కటే. అర మీటర్ పైన ఆపండి. అక్కడ ఆగి, విసురు వచ్చి పోయేదాకా చూడండి. గాలి ఊపిరి పీల్చుకున్నట్టు మధ్యలో ఒక సందు ఇస్తుంది. ఆ సందులో ఎడమ స్టిక్‌ను పూర్తిగా కిందికి లాగి, మోటార్లు ఆగేదాకా వదలకుండా పట్టుకోండి. టప్ మని కాస్త గట్టిగా దిగుతుంది. పర్వాలేదు, అంత ఎత్తు నుంచి అలా దిగితే దానికేమీ కాదు. విసురు ఆగడం లేదా, ఇంకో నిమిషం అక్కడే ఉంచండి. అందుకే బ్యాటరీ 30 శాతం ఉండగానే తల మీదికి వచ్చేయాలని చెప్పేది. 24 శాతంతో ఎవరికైనా ఓపిక ఉండదు.

తల ఎటు పెట్టాలన్న దానిలో ఒక్కొక్కరిది ఒక్కో మాట. నేను డ్రోన్ వెనక భాగాన్ని గాలి వైపు పెడతాను. గాలి వైపు ఒరుగుతుంది కాబట్టి వెనక భాగం కిందికి, కెమెరా ఉన్న ముందు భాగం పైకి ఉంటుంది. ముందుగా నేలకు తగిలేది కెమెరా కాకుండా ఉంటే చాలు, మిగతావి చవకవే. మనం కూడా గాలికి వీపు పెట్టి, డ్రోన్‌ను మన ముందు ఉంచుకుంటే ఇంకో రెండు లాభాలు. స్టిక్‌లు తారుమారు కావు, కుడి అంటే కుడే. విసురు వచ్చి తోసినా మన మొహం మీదికి రాదు, అవతలికే పోతుంది.

దించే చోటు గురించి రెండు ముక్కలు. ఇసుక మీద నేరుగా ఎప్పుడూ వద్దు. గాలి లేకపోయినా రెక్కల గాలికే ఇసుక లేచి గింబల్ మోటార్లలోకి పోతుంది. గుండ్రంగా మడిచే ఆ నైలాన్ ల్యాండింగ్ ప్యాడ్‌లు గాలి రోజున అంచు లేచి రెక్కలకే తగులుతాయి. మేకులు కొట్టాలి, లేదంటే చుట్టూ రాళ్లు పెట్టాలి. ఆ రాళ్లకే డ్రోన్ కాలు తగిలి పడిన సందర్భం కూడా ఉంది, ఎవరిదో చెప్పను. నేను కారులో కాళ్ల కింద వేసే బరువైన రబ్బరు మ్యాట్‌లు రెండు పక్కపక్కన పరుస్తాను. ఎగరవు, వెతకక్కర్లేదు, కడిగితే పోతుంది. కళ్లం లాంటి దుమ్ము నేల అయితే ఒక బిందెడు నీళ్లు చల్లితే చాలు.

బీచ్‌లో, పడవ మీద, రాళ్ల మధ్య చేత్తో పట్టుకోవడమే మేలు. కానీ ఇది మీ మినీ 2 లాంటి 249 గ్రాముల డ్రోన్‌లకు మాత్రమే చెబుతున్నాను. ముప్పావు కిలో, కిలో డ్రోన్‌ను గాలిలో చేత్తో పట్టుకునే సాహసం నేను చేయను. చిన్నదాని ప్లాస్టిక్ రెక్క కూడా వేలు కోస్తుంది, నా కుడి చేతి చూపుడు వేలి మీద గుర్తు ఉంది.

పట్టుకునే పద్ధతి ఇదీ. గాలికి వీపు. కళ్లజోడు పెట్టుకోండి, చొక్కా చేతులు మడవండి, మెడలో ఐడీ కార్డు తాడు ఉంటే తీసేయండి. చుట్టుపక్కల పిల్లలను పది అడుగుల దూరం జరపండి. బీచ్‌లో వాళ్లు ఎక్కడి నుంచి వస్తారో తెలియదు. పెళ్లికూతురి చున్నీ, చీర కొంగు గాలికి ఎటైనా ఎగురుతాయి, ఆమెను మీ వెనక నిలబెట్టండి. డ్రోన్‌ను మీ ముందు చేతికందే దూరంలో, తల కంటే కొంచెం పైన ఆపండి. కెమెరా అవతలికి చూస్తుండాలి. రెండు మూడు సెకన్లు నిలకడగా ఉందా చూసి, కుడి చేతిని కింద నుంచి పైకి తీసుకెళ్లి పొట్టను వేళ్లతో రెండు పక్కలా గట్టిగా పట్టుకోండి. అరచేతిని వెడల్పుగా కింద పెట్టి, వచ్చి వాలుతుందిలే అని ఎదురుచూడకండి. కింద ఉన్న సెన్సర్ మీ చేతిని చూసి నేల అనుకుని ఆగిపోతుంది, లేదా పైకి జరుగుతుంది. పట్టుకోగానే ఎడమ బొటనవేలితో థ్రాటిల్ పూర్తిగా కిందికి, మోటార్లు ఆగేదాకా. ఈ మధ్యలో చేతిని వంచకూడదు, దగ్గరికి లాక్కోకూడదు. అది వంగితే సర్దుకోవడానికి మోటార్లు ఇంకా గట్టిగా తిరుగుతాయి, మీతో కుస్తీ పడుతుంది. జెండా కర్ర పట్టుకున్నట్టు నిటారుగా, కదలకుండా.

ఇది మొదటిసారి గాలిలో ప్రయత్నించకండి. ఇంటి ముందు, గాలి లేని పొద్దున, పదిసార్లు చేయండి. పదకొండోసారి గాలిలో చేయొచ్చు.

ఇక అసలు రాలేకపోతే ఏం చేయాలో కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు ఆ రోజు దానికి చాలా దగ్గరగా వెళ్లారు. నా నాలుగో దెబ్బ అదే. రామగిరి దగ్గర కొండ అంచు నుంచి గాలిమరల వైపు పంపాను. వాలుగాలి. స్పోర్ట్ మోడ్‌లో కూడా వేగం ఒకటికి, సున్నాకి మధ్య ఊగింది. నేను చేసిన తప్పు, చివరి శాతం దాకా దాన్ని ఇంటికే లాగడం. బ్యాటరీ అయిపోయి, అది దానంతట అదే ఎక్కడో దిగిపోయింది. మూడో రోజు ఒక గొర్రెల కాపరి తెచ్చిచ్చాడు, డ్రోన్‌కు రెండు చేతులు (మోటార్లు ఉండే కాడలు) విరిగి ఉన్నాయి.

చేయాల్సింది ఏమిటంటే, 35 శాతం దగ్గరే నిజం ఒప్పుకోవడం. ఇంటికి రాదు, సరే. కెమెరాను కిందికి వంచి, డ్రోన్ ఉన్న చోటి దగ్గర్లోనే ఖాళీ నేల వెతకండి. మీ వైపు చెరువులు, రొయ్యల గుంటలు ఎక్కువ, వాటిని దాటేంత వరకే జరపండి. దున్నిన పొలమో, కాలిబాటో చూసుకుని మీ ఇష్టప్రకారం దించండి. దించేముందు మ్యాప్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. యాప్‌లో చివరిగా ఉన్న చోటు చూపించే సౌకర్యం కూడా ఉంది. 30 శాతంతో మీరు ఎంచుకున్న పొలం, సున్నా శాతంతో గాలి ఎంచుకున్న చోటు, రెండింటికీ చాలా తేడా.

ఇంకో ఉపాయం, చాలామందికి తట్టదు. డ్రోన్ మన దగ్గరికి రాలేకపోతే మనమే దాని దగ్గరికి పోవచ్చు. అసిస్టెంట్ బైక్ నడుపుతాడు, మీరు వెనక కూర్చుని డ్రోన్‌ను ఉన్న చోటే నిలబెట్టండి. 600 మీటర్లు బైక్‌కు నిమిషం పని. హోమ్ పాయింట్‌ను, అంటే డ్రోన్ తిరిగి రావాల్సిన చోటును, మీరున్న చోటికి మార్చుకోవడం మరిచిపోకండి, లేదంటే బ్యాటరీ తగ్గగానే అది మళ్లీ బీచ్‌కు బయలుదేరుతుంది. నేను ఇలా రెండుసార్లు డ్రోన్ దక్కించుకున్నాను.

బ్యాటరీ మరీ అడుగంటి దానంతట అదే దిగుతున్నా స్టిక్‌లు వదిలేయకండి. పక్కలకు జరపొచ్చు, థ్రాటిల్ పైకి పట్టుకుంటే దిగడం కాస్త నెమ్మదిస్తుంది. ఒక చెట్టు దాటడానికి, ఒక పైకప్పు తప్పించుకోవడానికి ఆ కొద్దిసేపు చాలు.

250 గ్రాముల లోపు డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదని మీరు ప్రశ్నలో ప్రస్తావించారు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం అది సరే. ఎక్కడ ఎగరేయొచ్చో చెప్పే జోన్‌లు మాత్రం దానికీ వర్తిస్తాయి, ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో కూడా 400 అడుగులే హద్దు. మీకు దగ్గర్లోనే సూర్యలంకలో వైమానిక దళ కేంద్రం ఉంది కాబట్టి బాపట్ల వైపు పోయేటప్పుడు ఆ జోన్‌లు చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ తప్పకుండా చూడండి.

ఇక మీ డ్రోన్ ఇప్పటి పరిస్థితి. ముందు ఒక విషయం, మళ్లీ ఎప్పుడైనా బోల్తాపడి మోటార్లు తిరుగుతూనే ఉంటే చెయ్యి పెట్టకండి. రెండు స్టిక్‌లనూ కింది లోపలి మూలలకు లాగి పట్టుకోండి, ఆగిపోతాయి. ఇసుక పడ్డ గింబల్‌ను సరిగ్గా ఉందో లేదో చూద్దామని ఆన్ చేయకండి. ఆన్ చేయగానే అది అటూ ఇటూ తిరిగి సరిచూసుకుంటుంది, ఆ తిరగడంలోనే ఇసుక లోపలికి నలుగుతుంది. కెమెరా లెన్స్‌కు వాడే రబ్బరు బ్లోయర్‌తో, డ్రోన్‌ను తలకిందులుగా పట్టుకుని ఊదండి. నోటితో ఊదకండి, తేమ లోపలికి పోతుంది. మోటార్లను ఒక్కొక్కటీ చేత్తో తిప్పి చూడండి, గరగరమంటే అందులోనూ ఇసుక ఉన్నట్టే, అది కూడా ఊదండి. గరగర పోకపోతే సర్వీస్‌కు ఇవ్వాల్సిందే.

రెక్క ఒక్కటే మారిస్తే సరిపోదు. మినీ 2లో ఒక్కో మోటార్‌కు రెండేసి రెక్కలు ఉంటాయి, విరిగినదాంతో పాటు దాని జతను కూడా మార్చాలి. పాతది, కొత్తది కలిస్తే బరువు తేడాకు వణుకు వస్తుంది, వీడియోలో అలలు అలలుగా కనిపిస్తుంది. గుర్తు ఉన్న రెక్కలు గుర్తు ఉన్న చేతులకే బిగించండి. స్క్రూలు రెక్కలతో పాటు కొత్తవే వస్తాయి, పాతవి మళ్లీ వాడకండి. బిగించాక రెక్క వేలితో తోస్తే సులువుగా మడవాలి. మడవకపోతే మరీ బిగించేశారన్నమాట, పావు చుట్టు వదులు చేయండి.